గిరీశము: ఒక పేరు నడచిన దారి

వీధిబడిలో అమరకోశము వల్లె వేసిన బాలునకు గిరీశుడనగా శివుడు. కైలాసమున నుండువాడు, గరళము మ్రింగి లోకమును కాచినవాడు, ఒంటికి బూడిద తప్ప వేరు సొత్తు లేనివాడు. నేడు అదే పేరు నలుగురు చదువుకొన్నవారి నడుమ పలికినచో వినువారి తలపునకు కైలాసము రాదు, చుట్టపొగ వచ్చును. నోట ఇంగ్లీషు ముక్కలు, వెనుక అప్పులవారు, ప్రక్కన అమాయకుడైన శిష్యుడు, ఎదుట ఎవరున్న వారికి తగిన మాట, ఇదియే ఆ పేరునకు నేటి అర్థము. ఒక నాటకకర్త సృష్టించిన కల్పిత పురుషుడు దేవుని నామధేయమును ఇంతగా తన వశము చేసికొనుట తెలుగు వాఙ్మయమున అరుదైన విషయము. ఆ పేరు విజయనగరమున బయలుదేరి, గోదావరి దాటి, నల్లగొండ మహబూబునగరముల మెట్టసీమలకు ఎట్లు వచ్చినది? వచ్చుచు వెంట నేమి తెచ్చినది? దారిలో నేమి జారవిడిచినది? ఇది విచారింపదగిన సంగతి.

కథలోని మనుష్యుని పేరు లోకములో మాటగా మారుట తెలుగువారికి క్రొత్త గాదు. ఎంత పిలిచినను నిద్ర లేవనివాని కుంభకర్ణుడందురు. ఒకరి మాట నొకరికి మోసి తగవు పెట్టువాడు నారదుడు. సాగు పనికి అడ్డుపడువాడు సైంధవుడు. అటు నిటు గాక నడుమ చిక్కినవాని స్థితి త్రిశంకుస్వర్గము. ఈ పేర్లు పలుకువారిలో భారత రామాయణములను స్వయముగా చదివినవారెందరు? అక్షరము రాని కాపులు, గొల్లలు, చాకలివారు సైతము వీనిని తప్పు లేక సందర్భోచితముగా వాడుదురు. కారణము స్పష్టము. ఈ సీమలో చిందు భాగవతులు యక్షగానములాడిరి. శారదకాండ్రు తంబుర మీటి కథలు చెప్పిరి. హరిదాసులు కాళ్ళకు గజ్జెలు కట్టి రాత్రి రాత్రియంతయు హరికథలు నడిపిరి. పుస్తకము గడప దాటకపోయినను ఆటగాని నోట పేరు ఊరూర తిరిగెను. బాలనాగమ్మ కథలోని మాయల ఫకీరు పేరు చెప్పి తల్లులు అల్లరి పిల్లలను బెదిరించుటయు ఇట్టిదే.

ఇందుకు ఎదురు నిదర్శనము కూడ కలదు. తెనాలి రామకృష్ణకవి పాండురంగమాహాత్మ్యమున నిగమశర్మ యను పాత్రను నిర్మించెను. శ్రోత్రియ కులమున పుట్టి, విటుడై, తండ్రి సొమ్ము తగులబెట్టి, బుద్ధి చెప్పవచ్చిన అక్క సొమ్ములనే అపహరించి పోయినవాడు. విచిత్ర స్వభావమున గిరీశమునకు తాతవంటివాడు. నిగమశర్మ అక్కకు కవి పేరైన పెట్టలేదు గాని పండితులు నేటికిని ఆమెను తలచుకొందురు. అయినను నిగమశర్మ పేరు పండితుల అరుగు దిగి సంతలోనికి రాలేదు. పద్యములో పుట్టి పద్యములోనే నిలిచిపోయెను. అతనిని ఆడి చూపినవాడు లేకపోయెను. కావున పాత్ర ఎంత సజీవమైనను, దానిని మోసికొని తిరుగువాడు లేనిచో పేరు నడువదని తెలియుచున్నది.

గిరీశమునకు మోసినవారు దొరికిరి. గురజాడ అప్పారావు (1862-1915) రచించిన కన్యాశుల్కము 1892లో విజయనగరమున మొదటిసారి ప్రదర్శింపబడెను. 1897లో అచ్చయ్యెను. కవి దానిని పూర్తిగా తిరుగవ్రాసి పెంచి 1909లో మరల ప్రకటించెను. నేడు లోకము చదువునది ఈ రెండవ కూర్పు. పద్యనాటకములు రాజ్యమేలుచున్న కాలమున జనులు ఇంటిలో మాటలాడు భాషలోనే నాటకమంతయు నడిపించుట గొప్ప సాహసము. గ్రాంథికమే భాషయని నమ్మినవారు దీనిని తప్పుపట్టిరి. కాని అట్టివారు సైతము గిరీశము మాటలాడుచుండగా నవ్వు ఆపుకొనలేకపోయిరనుటలో ఆశ్చర్యము లేదు. పాత్ర పేరు నిలుచుటకు ఈ భాషయే మొదటి ఆధారము. వాని మాట ఒకసారి విన్నవాడు ఇంటికి పోయి అదే తీరున అనుకరింపగలడు. అనుకరించుటకు ఛందస్సు అక్కరలేదు.

నాటకములోని గిరీశము చేసినదేమి? విజయనగరమున పూటకూళ్ళమ్మ ఇంట తిని, ఆమె సొమ్ము వాడుకొని, మధురవాణి యను వేశ్యను ఆశ్రయించి, అప్పులు పెరిగి ఊరిలో నిలువరాని స్థితి వచ్చినంతనే శిష్యుడైన వెంకటేశమునకు చదువు చెప్పు నెపమున కృష్ణరాయపురము అగ్రహారమునకు పోయెను. వెంకటేశము తండ్రి అగ్నిహోత్రావధానులు. ఆయన పెద్దకూతురు బుచ్చమ్మ అప్పటికే వితంతువు. చిన్నకూతురు సుబ్బిని లుబ్ధావధానులను ముసలివానికి సొమ్ము తీసికొని ఇచ్చుటకు ఆయన నిశ్చయించి యుండెను. మేనమామ కరటకశాస్త్రి తన శిష్యునకు ఆడువేషము వేసి ఆ ముసలివానికి కట్టబెట్టి సుబ్బిని కాపాడ జూచెను. గిరీశము ఈ సందడిలో వితంతు వివాహమును గూర్చి ఉపన్యసించి బుచ్చమ్మను లేవదీసికొని పోయెను. తుదకు సౌజన్యారావు పంతులు వాని గుట్టు తెలిసికొని, బుచ్చమ్మను పూనాలోని వితంతు శరణాలయమునకు పంప నిశ్చయించెను. కథ తనకు ఎదురు తిరిగినదని గిరీశము ఒక ఇంగ్లీషు తిట్టుతో రంగము విడిచెను. ఆ నిష్క్రమణ సమయమున వాడాడిన మాట నాటకము చదువనివారి నోట కూడ నేడు సామెతయై తిరుగుచున్నది.

కందుకూరి వీరేశలింగము పంతులు 1881లో రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించి ఎన్నో కష్టములకు ఓర్చెను. ఆ సత్పురుషుని మాటలనే గిరీశము తన స్వార్థమునకు పనిముట్టుగా చేసికొనెను. సంస్కరణకు శత్రువులు ఛాందసులు మాత్రమే కారు, సంస్కర్త వేషము ధరించినవారును శత్రువులే యని గురజాడ చూపినాడు. ఇట్టివారు ప్రతి తరమునను పుట్టుచుందురు. ఒకనాడు వితంతు వివాహము, మరియొకనాడు దేశభక్తి, వేరొకనాడు ప్రజాసేవ. వేదిక మారును గాని ఉపన్యాసకుడు మారడు. పేరు పాతబడకుండుటకు ఇది రెండవ ఆధారము.

పాశ్చాత్య దేశములందును ఇట్టి ఉదంతములు కలవు. స్పెయిను దేశపు సెర్వాంటిస్ 1605లో మొదటి భాగము ప్రకటించిన డాన్ క్విక్సోటు కథ నుండి, గాలిమరలను రాక్షసులని తలచి పోరాడిన ఆ వెఱ్ఱి వీరుని పేర ఇంగ్లీషు భాషలో ఒక విశేషణమే పుట్టెను. చార్లెస్ డికెన్సు 1836లో నెలకొక సంచికగా ఆరంభించిన పిక్విక్కు కథ ముగియక మునుపే లండను అంగళ్ళలో పిక్విక్కు టోపీలు, పిక్విక్కు చుట్టలు అమ్మకమునకు వచ్చినవి. ఆ కథలో ఎల్లపుడు కునుకు తీయు ఒక లావాటి కుఱ్ఱవాడుండెను. వానిని తలచికొని 1956లో అమెరికా వైద్యులు ఒక వ్యాధికి పిక్విక్కు పేరు పెట్టిరి. పుస్తకమున పుట్టినవాడు దుకాణమునకును, అక్కడినుండి వైద్యశాలకును పోగలడన్నమాట.

గిరీశము తెలుగునాట నడచినది ముఖ్యముగా రంగస్థలము మీదుగా. ఆ వేషము కట్టినవారు పెక్కురు. వారిలో జె. వి. రమణమూర్తి ప్రత్యేకముగా తలపదగినవాడు. ఆయన కన్యాశుల్కమునకు దర్శకుడై, తానే గిరీశమై, దశాబ్దముల తరబడి వేయికి పైగా ప్రదర్శనములిచ్చెను. 1955లో వినోదా వారు పి. పుల్లయ్య దర్శకత్వమున ఈ నాటకమును చలనచిత్రముగా తీసిరి. నందమూరి తారకరామారావు గిరీశముగను, సావిత్రి మధురవాణిగను, షావుకారు జానకి బుచ్చమ్మగను నటించిరి. అటుపిమ్మట ముళ్ళపూడి వెంకటరమణ సినిమా లోకమును ఎగతాళి చేయదలచినపుడు తన వ్యాసములకు గిరీశమునే వక్తగా నిలిపి, వానికి గిరీశం లెక్చర్లని పేరు పెట్టెను. పాత్ర తన నాటకము విడిచి, వేరొకరి రచనలో, వేరొక కాలమును గూర్చి ఉపన్యసించు స్థితికి వచ్చెను. పేరు స్వతంత్రమైనదనుటకు ఇంతకంటె సాక్ష్యము కావలెనా?

ఇక ఈ మెట్టసీమల సంగతి. కన్యాశుల్కము అచ్చైన నాటికి నల్లగొండ, మహబూబునగరము జిల్లాలు నిజాము రాజ్యమున నుండెను. బడిలోను కచ్చేరిలోను ఉర్దూ నడిచెను. విజయనగరపు తెలుగు పుస్తకము ఈ పల్లెకు చేరుటకు నదులకంటె పెద్ద అడ్డు రాజ్యపు సరిహద్దు. దానిని దాటించినవి గ్రంథాలయములు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. దాని స్థాపకులలో నొకరైన నాయని వెంకటరంగారావు మునగాల జమీందారు. మునగాల పరగణా చుట్టును నల్లగొండ సీమ యుండగా నడుమ కృష్ణాజిల్లాకు చెందిన దీవివలె నుండెను. తెలుగు పుస్తకము ఆంగ్ల రాజ్యము నుండి నిజాము రాజ్యమునకు వచ్చుటలో అట్టి ఎల్లప్రాంతపు మనిషి చేయి యుండుట ఉచితముగనే యున్నది.

1922లో నల్లగొండనుండి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నీలగిరి పత్రికను వెలువరించెను. 1926లో మహబూబునగరము జిల్లావాడైన సురవరము ప్రతాపరెడ్డి హైదరాబాదున గోలకొండ పత్రికను స్థాపించెను. 1930లో ఆయన అధ్యక్షతన జోగిపేటలో ప్రథమ ఆంధ్ర మహాసభ జరిగెను. దానితోపాటు మహిళాసభయు నడిచెను. మరుసటి యేడు నల్లగొండ జిల్లా దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన ద్వితీయ సభ జరిగెను. ఇదే నల్లగొండ జిల్లాలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పి, తెలుగు పుస్తకములను తానే మోసి ఊరూర త్రిప్పి అమ్మెను. సభ జరుపుటకు సర్కారు అనుమతి కావలసిన ఆ దినములలో గ్రంథాలయము నలుగురు కూడి తెలుగు చదువుటకు దొరికిన చోటు.

అయినను ఒక నిజమును ఒప్పుకొనవలెను. ఈ పల్లెలకు గిరీశము పేరు తెచ్చినది ఎక్కువగా పుస్తకము కాదు. 1948లో నిజాము పాలన ముగిసి, 1956లో తెలుగు సీమలన్నియు నొక రాష్ట్రమైన కాలమున చలనచిత్రము పట్టణపు హాళ్ళలోను, టూరింగు టాకీసుల డేరాలలోను ఆడెను. ఊరి మనుష్యుడు మొదట గిరీశమును తెరపై చూచెను, పుస్తకము నాతడు చూడలేదు. ఆ విజయనగరపు యాస ఇచ్చటిది కాదు. ఇచ్చటివారు బడాయికోరు అందురు, గప్పాలు కొట్టువాడందురు. అయినను అట్టివానికి చదువు వాసన తగిలి, ఆ చదువునే గప్పాలకు పెట్టుబడిగా చేసికొన్నపుడు వానిని పిలుచుటకు ఇచ్చటి మాటలు చాలవు. ఆ లోటున గిరీశము ఒదిగెను. యాస కలియకున్నను మనిషి కలిసెను.

ఇంతవరకు పేరునకు లాభమే. నష్టపు పద్దు కూడ చూడవలెను.

కన్యాశుల్కము ఒక నవ్వుటకు పుట్టిన కథ గాదు, ఒక జాబితానుండి పుట్టినది. గురజాడ తన మొదటి కూర్పునకు ఇంగ్లీషున వ్రాసిన పీఠికలో దానిని పేర్కొనెను. విజయనగర ప్రభువు ఆనందగజపతి విశాఖపట్టణము జిల్లాలోని సామాన్య బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో శుల్కము తీసికొని జరిపిన వివాహముల పట్టిక తయారు చేయించెను. నమోదైనవి 1034. వానిలో అయిదేండ్ల పిల్లలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు 6, ఒక యేడాది పిల్లలు 3. ఈ అంకెలు కూడినచో 188. అనగా మూడేండ్లలో, ఒక్క జిల్లాలో, ఒక్క కులములో, అయిదేండ్లు దాటని 188 మంది పసిబిడ్డలకు వెలకట్టి పెండ్లి చేసిరి. వీరిలో ముసలివారికిచ్చినవారు ఊహ తెలియక మునుపే బుచ్చమ్మలగుటకు సిద్ధముగా నుండిరి. గిరీశము ఈ పట్టిక మీద నిలిచి మాటలాడుచున్నాడు. పేరు దారిపట్టి పోవునపుడు పట్టిక వెనుకబడిపోయినది.

పేరు నడచుకొలది వాని తప్పులు తేలికయైనవి. ప్రజలకు ప్రియుడైన నటుడు ఆ వేషము ధరించుట చేతను, మాటల చాతుర్యము చేతను గిరీశము కొంటెవాడుగా మిగిలెను. పూటకూళ్ళమ్మ కష్టార్జితము నపహరించినవాడు, దిక్కులేని వితంతువును వలలో వేసికొన్నవాడు అను సంగతి మరుగున పడెను. ఒక కుఱ్ఱవానిని గిరీశమని పిలిచినచో వాడు నొచ్చుకొనడు, మీసము దువ్వును. మధురవాణికి మాత్రము కొంత న్యాయము జరిగెను. పురాణము సుబ్రహ్మణ్యశర్మ ఆమె పేర కల్పిత సంభాషణములు వ్రాసి ఆమె తెలివిని మరల లోకమునకు చూపెను. కాని బుచ్చమ్మ పేరు సామెత కాలేదు, సుబ్బి పేరును కాలేదు. మోసగించినవాని పేరు మాటయై నిలిచి, మోసపోయినదాని పేరు పుస్తకములోనే మిగిలిపోయినది.

ఇది గతించిన కాలపు సంగతియని త్రోసివేయుటకు వీలులేదు. బాలికలకు 14 ఏండ్లు నిండనిదే పెండ్లి కూడదని 1929లో శారదా చట్టము వచ్చినను అది బ్రిటిషు ఇండియాకే వర్తించెను, నిజాము సీమలోని బాలికకు దాని నీడ దొరకలేదు. తరువాతి కాలమున వయస్సు 18 ఏండ్లయ్యెను. 2006లో మరింత కట్టుదిట్టమైన చట్టము వచ్చెను. అయినను బాల్యవివాహము ఈ సీమలనుండి పూర్తిగా తొలగిపోలేదు. శుల్కమును గూర్చియు ఇదే మాట. పెక్కు కులములలో పిల్లకు ఓలి ఇచ్చు ఆచారము పోయి, పిల్లవానికి కట్నమిచ్చు ఆచారము వచ్చెను. దానిని నిషేధించి 1961లో చట్టము చేసినను కట్నము లేని పెండ్లి వార్తగా చెప్పుకొనుచున్నారు. సొమ్ము పోవు దిక్కు మారెను గాని లెక్క ఆగలేదు. పాలమూరు పల్లెలలో బాలికలను దేవత పేర జోగినులుగా వదలిన ఆచారముండెననియు, దానిని నిషేధించుచు 1988లో చట్టము వచ్చెననియు ఎరిగిన పాఠకునకు మధురవాణి కేవలము హాస్యపాత్రగా కనబడదు.

కావున పేరు వ్యాపించుట వేరు, గ్రంథము వ్యాపించుట వేరు. పేరును ఆటగాడు మోయును, తెర మోయును, నలుగురి నాలుక మోయును. గ్రంథమును మోయవలసినది గ్రంథాలయము. పురాణముల విషయమున ఈ భేదము అంతగా బాధింపలేదు. ఏలయనగా కుంభకర్ణుని పేరు తెచ్చిన హరిదాసే రామకథను కూడ తుదివరకు చెప్పి పోయెను, తిట్టునకు పనికివచ్చిన నారదుడే భక్తికిని ఆచార్యుడని శ్రోతలకు తెలిసెను. గిరీశమునకు అట్టి హరిదాసు లేడు. పేరు తెచ్చినవారు కథ పూర్తిగా చెప్పలేదు. ఆ కొఱత తీర్చుట గ్రామ గ్రంథాలయము చేయగల పని.

పాత నల్లగొండ, మహబూబునగరము జిల్లాలు 2016లో విడివడి పెక్కు జిల్లాలైనవి. పరిపాలనపు సరిహద్దులు ఎన్ని మారినను గ్రామములోని పుస్తకపు బీరువా స్థానము మారలేదు. రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయము ఇరువదియైదేండ్లలో ఎన్ని పుస్తకములు సేకరించినదను లెక్క మంచిదే. ఎవరైన ఒక యువకుడు తన స్నేహితుని గిరీశమని ఎగతాళి చేసి, ఆ గిరీశమెవడో తెలిసికొనవలెనని నవ్వుచు వచ్చి కన్యాశుల్కము నడిగి తీసికొని పోవుట అంతకంటె మంచి లెక్క. అతడు మొదటి అంకము నవ్వుచునే చదువును. కృష్ణరాయపురము చేరి, బుచ్చమ్మ మాట విని, సుబ్బి పెండ్లి బేరము దగ్గర ఒక్క క్షణమాగి, తన ఇంటిలోని చెల్లెలి వైపు చూచినచో, విజయనగరమున 1892లో బయలుదేరిన పేరు ఇచ్చటికి పూర్తిగా చేరినట్లు. అట్టి పాఠకులు ఈ గ్రంథాలయమునకు మరి ఇరువదియైదేండ్లు ఎడతెగక వచ్చుచుందురు గాక.